ఔత్సాహిక ఖగోళ దూరదర్శిని: ఎంపిక, ఉపకరణాలు

వృత్తిగా కాక ఆసక్తితో ఆకాశాన్ని పరిశీలించేవారు మేడ మీదో, పొలంలోనో, ఊరి బయట మైదానంలోనో నిలబెట్టి వాడుకునే కాంతి పరికరాన్ని ఔత్సాహిక ఖగోళ దూరదర్శిని అంటారు. వాడుకలో ఇది టెలిస్కోపు. పాత తెలుగులో దుర్భిణి. దీని కటకం లేదా దర్పణం వ్యాసం సాధారణంగా 50 మి.మీ. నుంచి 400 మి.మీ. దాకా ఉంటుంది. పరికరం అంటే గొట్టం ఒక్కటే కాదు. గొట్టాన్ని కదలకుండా మోసే మౌంటు, ప్రతిబింబాన్ని కంటికి అందించే అక్షికటకం, లక్ష్యాన్ని వెదకిపెట్టే ఫైండరు కూడా ఉంటేనే అది పనికివస్తుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి నాసిరకమైనా తక్కిన మూడింటి నాణ్యత వృథా అవుతుంది. కొత్తగా కొనేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

చరిత్ర

1608లో నెదర్లాండ్స్‌లోని మిడిల్‌బర్గ్ పట్టణానికి చెందిన కళ్లద్దాల తయారీదారు హాన్స్ లిపర్‌షే దూరపు వస్తువులను దగ్గరగా చూపే గొట్టానికి పేటెంట్ కోరాడు. ఆ కబురు విన్న గెలీలియో 1609లో సొంతంగా గొట్టాలు తయారుచేసుకుని, 1610 జనవరిలో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలను చూశాడు. ఆయన వాడింది కుంభాకార వస్తుకటకం, పుటాకార అక్షికటకం. దాని దృశ్యక్షేత్రం ఎంత ఇరుకంటే నిండు చంద్రబింబం ఒక్కసారిగా పట్టేది కాదు. 1611లో కెప్లర్ రెండు కటకాలూ కుంభాకారంగా ఉండే అమరికను వివరించాడు. అందులో ప్రతిబింబం తలకిందులైంది గానీ క్షేత్రం విశాలమైంది. నేటి కటక దూరదర్శినులు ఆ అమరికనే అనుసరిస్తాయి.

ఒంటి కటకం ఎరుపు, నీలి కాంతులను ఒకే చోట కేంద్రీకరించలేదు. ప్రకాశవంతమైన ప్రతి వస్తువు చుట్టూ రంగుల అంచు కనిపించేది. ఈ వర్ణ విపథనాన్ని తప్పించుకోవడానికి 1668లో న్యూటన్ కటకం బదులు దర్పణాన్ని వాడాడు. 1721లో జాన్ హాడ్లీ పరావలయ ఆకారపు దర్పణంతో మంచి నమూనా చేసి చూపాడు. మరోవైపు, రెండు రకాల గాజుతో చేసిన జంట కటకానికి 1758లో జాన్ డాలండ్ పేటెంట్ పొందాడు. అప్పటి నుంచి కటకం, దర్పణం అనే రెండు దారులూ సమాంతరంగా సాగాయి.

ఔత్సాహికుల చరిత్రలో విలియం హెర్షెల్‌ది ప్రత్యేక స్థానం. ఇంగ్లండులోని బాత్ నగరంలో సంగీతం నేర్పుతూ బతికిన ఆయన దర్పణాలను స్వయంగా సానపట్టుకున్నాడు. 1781 మార్చి 13న ఇంటి తోట నుంచి యురేనస్‌ను కనుగొన్న దూరదర్శిని దర్పణం సుమారు 6.2 అంగుళాలు, అంటే 157 మి.మీ. కొత్తవారికి నేడు సూచించే దర్పణం వ్యాసంలో దానికి సమానం. పైగా నేటి అల్యూమినియం పూత ఆయన వాడిన లోహపు దర్పణం కన్నా ఎక్కువ కాంతిని పరావర్తనం చేస్తుంది. తోకచుక్కలని పొరపడకుండా ఉండేందుకు ఫ్రాన్సులో షార్ల్ మెస్సియే తయారుచేసిన మసక వస్తువుల జాబితా కూడా ఆ కాలానిదే. 110 వస్తువుల ఆ జాబితా ఇప్పటికీ ఔత్సాహికులకు మొదటి పాఠ్యక్రమం.

దూరదర్శినిని ఇంట్లో తయారుచేసుకునే ఉద్యమం 1920లలో అమెరికాలో ఊపందుకుంది. వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రసెల్ పోర్టర్ కార్మికులకు దర్పణాలు అరగదీయడం నేర్పాడు. 1925 నుంచి సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఆ పనిని దేశమంతా పరిచయం చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ చౌక కలప, మందపాటి గాజుపలకలతో పెద్ద దూరదర్శినులు చేసి, 1968 నుంచి కాలిబాటల మీద దారినపోయేవారికి ఆకాశం చూపించాడు. ఆయన పేరుతో పిలిచే మౌంటే (చూ. మౌంటు) ఈనాడు తక్కువ ఖర్చులో పెద్ద దర్పణాన్ని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. 1970లో సెలెస్ట్రాన్ సంస్థ విడుదల చేసిన 8 అంగుళాల సీ8 పొట్టి గొట్టపు దూరదర్శినులకు మార్కెట్ తెరిచింది. కంప్యూటరే వస్తువును వెదికిపెట్టే నమూనాలు 1990లలో విస్తరించాయి.

తెలుగు నేలపై

1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఇంటి ఆవరణలో వేధశాల నెలకొల్పాడు. అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని కొనసాగించి, 6 అంగుళాల కుక్ కటక దూరదర్శినితో 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించాడు. ప్రభుత్వ కొలువు కాక, సొంత ఖర్చుతో సాగిన పరిశీలన అది. అంతకు ముందు 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకుండానే వర్ణపటదర్శినితో చూడవచ్చని గుర్తించి మరునాడే అమలుచేశాడు.

హైదరాబాదు ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా వేధశాలగా పేరుపొందింది. అక్కడి 15 అంగుళాల గ్రబ్ కటక దూరదర్శిని కూడా ఒక ఆసక్తిపరుడు కొన్న పరికరమే. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు వైను బప్పు హైదరాబాదులోనే చదువుకుని, 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా ఒక తోకచుక్కను కనుగొన్నాడు. బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్కగా అది నమోదైంది. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో పెట్టింది ఆయన పేరే.

పనిచేసే తీరు

దూరదర్శినికి రెండు పనులు: కంటికన్నా ఎక్కువ కాంతిని పోగుచేయడం, కంటికన్నా సూక్ష్మమైన వివరాన్ని విడదీయడం. రెండూ ఆధారపడేది ద్వారవ్యాసం మీద, అంటే ప్రధాన కటకం లేదా దర్పణం అడ్డుకొలత మీద. ఆవర్ధనం వీటి తరవాతి సంగతి. అంగడి పెట్టెల మీద మాత్రం వరుస తారుమారై ఆవర్ధనమే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

చీకట్లో కంటిపాప యౌవనంలో సుమారు 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. కాంతిసేకరణ వ్యాసపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 150 మి.మీ. దర్పణం కంటికన్నా దాదాపు 460 రెట్లు, 200 మి.మీ. దర్పణం దాదాపు 800 రెట్లు కాంతిని పోగుచేస్తాయి. వ్యాసంలో మూడో వంతు పెరుగుదల కాంతిలో దాదాపు రెట్టింపు అవుతుంది.

పృథక్కరణ సామర్థ్యానికి డాస్ సూత్రం వాడతారు: 116ను మిల్లీమీటర్లలో వ్యాసంతో భాగిస్తే విడదీయగల కోణం సెకన్లలో వస్తుంది. 60 మి.మీ. కటకానికి అది 1.9 సెకన్లు, 150 మి.మీ. దర్పణానికి 0.8 సెకన్లకు కాస్త తక్కువ. అయితే నేల మీది గాలి ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. చాలా రాత్రులు వాతావరణమే ఈ హద్దును నిర్ణయిస్తుంది.

ప్రధాన కటకం లేదా దర్పణం నాభ్యంతరాన్ని అక్షికటకం నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 1200 మి.మీ. నాభ్యంతరం ఉన్న దూరదర్శినిలో 25 మి.మీ. అక్షికటకం 48 రెట్లు, 10 మి.మీ. అక్షికటకం 120 రెట్లు చూపుతాయి. ఉపయోగపడే గరిష్ఠ ఆవర్ధనం ప్రతి మిల్లీమీటరు వ్యాసానికి సుమారు 2 రెట్లు. ఆపై ప్రతిబింబం పెద్దదవుతుంది, మసకబారుతుంది, కొత్త వివరమేదీ చేరదు. 60 మి.మీ. బొమ్మ దూరదర్శినుల మీద కనిపించే 525 రెట్లు అనే సంఖ్య 700 మి.మీ. నాభ్యంతరాన్ని 4 మి.మీ. అక్షికటకంతో భాగించి, 3 రెట్ల బార్లో కటకంతో (చూ. ఉపకరణాలు) గుణించగా వచ్చింది. ఆ కటకం నిజంగా భరించేది 120 రెట్లే. అలాంటి ప్రకటన ఉన్న పెట్టెను కొనకపోవడమే మంచిది.

నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే నాభి నిష్పత్తి. 150 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. నాభ్యంతరం అయితే ఎఫ్/8. ఎఫ్/5 వంటి చిన్న నిష్పత్తులు ఆకాశంలో విశాలమైన ముక్కను చూపుతాయి గానీ అక్షికటకం నుంచి, అమరిక నుంచి ఎక్కువ కచ్చితత్వం కోరతాయి. ఎఫ్/8 ఆ రెండు విషయాల్లోనూ చూసీచూడనట్టు పోతుంది.

రకాలు

వక్రీభవన దూరదర్శిని. ముందు కటకం, వెనక అక్షికటకం. దారిలో అడ్డు లేకపోవడం వల్ల ప్రతిబింబం స్ఫుటంగా ఉంటుంది. మూసిన గొట్టం కావడం వల్ల దుమ్ము తక్కువ, సర్దుబాటు దాదాపు అవసరం లేదు. రెండు గాజుల అవర్ణక కటకంలో ప్రకాశవంతమైన తారల చుట్టూ కొంత ఊదారంగు మిగులుతుంది. అల్పవిక్షేపక గాజు వాడిన అపోక్రోమాట్లు దాన్ని దాదాపు తుడిచేస్తాయి, కానీ ధర అనేక రెట్లు. 70 నుంచి 100 మి.మీ. దాకా ఇవి చంద్రుడికి, గ్రహాలకు, జంట తారలకు చక్కనివి.

పరావర్తన దూరదర్శిని. గొట్టం అడుగున పుటాకార దర్పణం, పై చివర వాలుగా చిన్న సమతల దర్పణం, పక్కనుంచి చూపు. ఇది న్యూటన్ అమరిక. సానపట్టాల్సింది ఒక్క తలమే కాబట్టి మిల్లీమీటరుకు పడే ఖర్చు అన్ని రకాల్లోకీ ఇందులో తక్కువ. దర్పణాలను అప్పుడప్పుడూ సరిచేయాలి (చూ. ఉపకరణాలు). ఒక జాగ్రత్త చెప్పాలి. 114 మి.మీ. వ్యాసం, 1000 మి.మీ. నాభ్యంతరం అని రాసి ఉండి గొట్టం మాత్రం అర మీటరే ఉంటే, అక్షికటకాన్ని పట్టి ఉంచే ఫోకసరు లోపల ఒక కటకాన్ని దాచి నాభ్యంతరాన్ని సాగదీశారని అర్థం. చౌక నమూనాల్లో ఈ అమరిక మసక ప్రతిబింబాన్నిస్తుంది, సరిచేయడమూ కష్టం.

మిశ్రమ దూరదర్శిని. దర్పణంతో పాటు ముందు సవరణ కటకం ఉంటుంది. 1930లో బెర్న్‌హార్డ్ ష్మిట్, 1941లో ద్మిత్రి మక్సుతోవ్ రూపొందించిన సవరణ కటకాల నుంచి ష్మిట్–కాసెగ్రెయిన్, మక్సుతోవ్–కాసెగ్రెయిన్ రకాలు పుట్టాయి. రెండు మీటర్ల నాభ్యంతరం చేతిసంచీ పొడవులో ఇముడుతుంది. బస్సులోనో స్కూటరు మీదో తీసుకెళ్లేవారికి, సామాను దాచే చోటు తక్కువైన అపార్ట్‌మెంటు వారికి ఇవి అనుకూలం. క్షేత్రం ఇరుకు, ముందరి గాజుకు మంచు త్వరగా పడుతుంది.

బైనాక్యులరు. దీన్ని దూరదర్శినికి ప్రత్యామ్నాయంగా చూడడం కన్నా మొదటి దూరదర్శినిగా చూడడం సరైనది. 10×50 అంటే 10 రెట్ల ఆవర్ధనం, 50 మి.మీ. కటకాలు. 6 డిగ్రీలకు పైబడిన దాని క్షేత్రంలో కృత్తికల గుంపు మొత్తం పట్టి ఇంకా చుట్టూ ఆకాశం మిగులుతుంది. పెద్ద దూరదర్శినిలో ఆ గుంపు ముక్కలుగానే కనిపిస్తుంది. పెళ్లిలో వసిష్ఠుడి పక్కన చూపే అరుంధతి బైనాక్యులరులో స్పష్టంగా విడిపోతుంది. వసిష్ఠ తార తానే జంట అని, రెండింటి మధ్య 14 సెకన్ల కోణం ఉందని చూడాలంటే మాత్రం చిన్న దూరదర్శిని కావాలి.

కెమెరా దూరదర్శిని. కంటి బదులు ఎలక్ట్రానిక్ సెన్సరు ఉండి, వందల చిన్న ఎక్స్‌పోజర్లను కలిపి ఫోన్ తెర మీద చిత్రాన్ని చూపే పరికరాలు ఇటీవల వచ్చాయి. 2023లో వచ్చిన జెడ్‌డబ్ల్యూఓ సీస్టార్ ఎస్50 వీటిలో పేరున్నది. దాని కటకం 50 మి.మీ. నగరపు వెలుతురులోనూ ఇవి నీహారికల రంగులు చూపుతాయి. గ్రహాల వివరాలు చూపడంలో వెనకబడతాయి. అక్షికటకంలోంచి శని వలయాలను కంటితో చూసిన అనుభవం మాత్రం వీటితో రాదు.

మౌంటు

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 200 రెట్ల ఆవర్ధనంలో, 50 డిగ్రీల అక్షికటకంతో కనిపించే ఆకాశం పావు డిగ్రీ. ఖగోళ మధ్యరేఖ దగ్గరి గ్రహం ఆ క్షేత్రాన్ని ఒక నిమిషంలో దాటిపోతుంది. కాబట్టి మౌంటు కదలకుండా నిలబడాలి, కదిలించినప్పుడు మెత్తగా కదలాలి. సన్నకాళ్ల ట్రైపాడ్ మీద ఫోకసును తాకగానే ప్రతిబింబం కొన్ని సెకన్లు ఊగిపోతే ఎంత మంచి కటకమైనా నిష్ప్రయోజనం. అంగట్లో చేయగల పరీక్ష సులువు: గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి, ఊపు రెండు మూడు సెకన్లలో ఆగుతుందా లేదా చూడాలి.

ఎత్తు–దిశ మౌంటు పైకీ కిందికీ, పక్కలకూ తిరుగుతుంది, నేర్చుకోవాల్సిందేమీ లేదు. దాని అత్యంత సరళ రూపం డాబ్సన్ మౌంటు. తిరగలి పైరాయి కిందిరాయి మీద తిరిగినట్లు, గొట్టాన్ని మోసే చెక్కపెట్టె నేలమీది పలకపై తిరుగుతుంది. మోటారు లేదు, బరువుకు నిలకడ ఎక్కువ, డబ్బులో ఎక్కువ భాగం దర్పణానికే పోతుంది. బల్లమీద పెట్టుకునే చిన్న డాబ్సన్‌లు 130, 150 మి.మీ.లలో దొరుకుతాయి.

ధ్రువాక్ష మౌంటులో ఒక ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి ఉంటుంది. ఆ ఇరుసును మోటారు తిప్పితే తార క్షేత్రంలో నిలిచిపోతుంది. ఎక్కువ సేపు ఎక్స్‌పోజరుతో ఫొటోలు తీయడానికి ఇది తప్పనిసరి. తెలుగు రాష్ట్రాల్లో ధ్రువ నక్షత్రం ఎత్తు స్థలపు అక్షాంశమంతే, అంటే దాదాపు 13 నుంచి 20 డిగ్రీలు మాత్రమే. ఐరోపా అక్షాంశాలకు చేసిన కొన్ని మౌంట్లు అంత కిందికి వంగవు, వంగినా బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనేముందు అక్షాంశ సర్దుబాటు కనీస హద్దును చూసుకోవాలి. ఈ విషయాన్ని ప్రకటనల్లో రాయరు.

గోటూ మౌంటు తేదీ, సమయం, స్థలం తెలుసుకుని, రెండు మూడు తారల మీద సరిచూశాక కోరిన వస్తువు వైపు తానే తిరుగుతుంది. నగరంలో తారలు కొద్దిగా కనిపించేవారికి ఇది నిజమైన సాయం. అదే ధరలో డాబ్సన్ దర్పణం చాలా పెద్దది వస్తుంది, ఆకాశం దారులు కూడా కంఠస్థమవుతాయి.

ఉపకరణాలు

అక్షికటకాలు. వాడుకలో ఐపీసులు. దూరదర్శినితో వచ్చే ఐపీసులు పనిచేస్తాయి గానీ తరచుగా మొదట మార్చాల్సినవి కూడా అవే. గొట్టం కొలతలు రెండు: 1.25 అంగుళాలు, 2 అంగుళాలు. పాత 0.965 అంగుళాల కొలత ఉన్న దూరదర్శినికి మంచి ఐపీసు దొరకడం కష్టం కాబట్టి దాన్ని మానుకోవాలి. నాలుగు కటకాల ప్లోసల్ అమరిక 1860 నాటిది. సుమారు 50 డిగ్రీల క్షేత్రంతో, తక్కువ ధరతో ఇప్పటికీ ప్రమాణంగా నిలిచింది. దాని లోపం, చిన్న నాభ్యంతరంలో కన్ను గాజుకు మరీ దగ్గరగా ఆనించాల్సి రావడం: 10 మి.మీ. ప్లోసల్‌లో ఆ ఎడం 7 మి.మీ. దగ్గరలోనే ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకునే చూడాల్సినవారు, ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం ఉన్నవారు, 15 నుంచి 20 మి.మీ. ఎడం ఉన్నవి ఎంచుకోవాలి. కేవలం హ్రస్వదృష్టో దీర్ఘదృష్టో ఉన్నవారు కళ్లద్దాలు తీసి ఫోకసు సరిచేసుకుంటే చాలు. 1980లో ఆల్బర్ట్ నాగ్లర్ తెచ్చిన 82 డిగ్రీల ఐపీసు విశాల క్షేత్రపు ఐపీసుల తరానికి నాంది పలికింది. ఇవి ఖరీదైనవి, కొన్ని బరువైనవి కూడా.

చూపే ఆకాశం ఎంతో తెలియాలంటే ఐపీసు క్షేత్రాన్ని ఆవర్ధనంతో భాగించాలి. 52 డిగ్రీల ఐపీసు 48 రెట్లతో ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ చూపుతుంది, అంటే పక్కపక్కన రెండు చంద్రబింబాలు. వెదకడానికి, నీహారికలకు ఒక తక్కువ ఆవర్ధనం, గ్రహాలకు ఒక ఎక్కువ ఆవర్ధనం ఉంటే మొదటి ఏడాదికి సరిపోతాయి. ఏడెనిమిది ఐపీసులు, రంగు ఫిల్టర్లు నింపిన పెట్టెలను గంపగుత్తగా కొంటే వాటిలో సగం ఎన్నడూ గొట్టమెక్కవు.

బార్లో కటకం. ఫోకసరుకూ ఐపీసుకూ మధ్య ఉంచే పుటాకార కటకం. 2 రెట్ల బార్లో ప్రతి ఐపీసు ఆవర్ధనాన్ని రెట్టింపు చేస్తుంది. 25, 10 మి.మీ. ఐపీసులకు 2 రెట్ల బార్లో తోడైతే నాలుగు ఆవర్ధనాలు చేతికొస్తాయి. ప్లాస్టిక్ కటకాల చౌక బార్లోలు మసకను తప్ప దేన్నీ పెంచవు.

ఫైండరు. ఎరుపు చుక్కను ఆకాశం మీద తేల్చి చూపే ఫైండరు తారలు బాగా కనిపించే చోట సులువైనది. నగరపు ఆకాశంలో 8×50 కటక ఫైండరు మేలు, ఎందుకంటే కంటికి కనబడని తారలను అది చూపుతుంది. ఏదైనా సరే, పగలే దూరంగా ఉన్న సెల్ టవరు కొసమీద గొట్టాన్నీ ఫైండరునూ ఒకే గురికి తేవాలి. ఈ పని చేయకుండా రాత్రి బయటికి వచ్చినవారికి చంద్రుడు కూడా దొరకడు.

సమరేఖన సాధనాలు. న్యూటన్ దూరదర్శినిలో రెండు దర్పణాల అక్షాలను కలపడానికి చెషైర్ ఐపీసు లేదా లేజరు వాడతారు. అలవాటైతే అది కొన్ని నిమిషాల పని. చౌక లేజరు తానే వంకరగా ఉండవచ్చు కాబట్టి దాన్ని ఫోకసరులో తిప్పి చూడాలి. చుక్క గిరగిరా తిరిగితే ఆ లేజరును నమ్మరాదు.

ఫిల్టర్లు. ఆక్సిజన్ ఉద్గార రేఖలను మాత్రమే పంపే ఓ-3 ఫిల్టరు గ్రహ నీహారికలను నేపథ్యం నుంచి వేరుచేసి చూపుతుంది. వీధి దీపాలను అడ్డుకునే ఫిల్టర్లు పాత సోడియం దీపాల మీద పనిచేశాయి. తెల్లని ఎల్ఈడీ దీపాలు అన్ని రంగులనూ చిమ్ముతాయి కాబట్టి వాటి మీద పెద్దగా పనిచేయవు.

తక్కినవి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఫోన్ తెర ఒక్క క్షణంలో దాన్ని చెరిపేస్తుంది. అందుకే ఎర్ర దీపం, ఎర్ర తెర. పటాలకు స్టెల్లేరియం ఉచిత సాఫ్ట్‌వేరు సరిపోతుంది. కూర్చుని చూడటానికి ఎత్తు మార్చుకునే పీట ఒకటి అవసరం. నిలబడి వంగి చూసే కంటికన్నా కూర్చుని స్థిరంగా చూసే కన్ను గ్రహాల మీద ఎక్కువ వివరం పడుతుంది.

సూర్య పరిశీలన

ఈ విభాగం భద్రతకు సంబంధించింది. దూరదర్శినిని ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పితే కన్ను శాశ్వతంగా దెబ్బతింటుంది, ఒక్క క్షణం చాలు. సురక్షితమైన ఫిల్టరు గొట్టం ముందు వైపు, మొత్తం ద్వారాన్ని కప్పుతూ, ఊడిరాకుండా బిగించి ఉండాలి. కంటితో చూడటానికి ఉద్దేశించిన సౌర ఫిల్ము కాంతిలో లక్షవ వంతునే లోనికి పంపుతుంది. ఐపీసుకు తగిలించే చిన్న సూర్య ఫిల్టర్లు కేంద్రీకృతమైన వేడికి పగిలిపోతాయి కాబట్టి అవి దొరికితే పారేయాలి. గ్రహణపు కళ్లజోడు పెట్టుకుని దూరదర్శినిలో చూడటం, ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు కూడా ప్రమాదకరమే. ఫైండరుకు మూత ఉంచాలి, పిల్లలుంటే పరికరాన్ని వదిలి వెళ్లకూడదు. సరైన ఫిల్టరుతో 60 మి.మీ. కటకం కూడా సూర్యమచ్చలను చూపుతుంది. 2032 నవంబరు 13న బుధుడు సూర్యబింబాన్ని దాటుతాడు. మధ్యాహ్నం సుమారు 12:10 నుంచి 4:35 దాకా ఆ సంక్రమణం మొత్తం తెలుగు రాష్ట్రాల నుంచి కనిపించేదే. బుధుడి బింబం 10 సెకన్లే కాబట్టి దూరదర్శిని లేనిదే చూడలేరు.

ఆకాశం, అక్షాంశం, వాతావరణం

తెలుగు రాష్ట్రాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులదే రాజ్యం. కోస్తాలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు, నవంబరు రాత్రులనూ తినేస్తాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా పొడి రాత్రులు ఎక్కువ. ఆకాశపు చీకటిని కొలవడానికి 2001లో జాన్ బార్టల్ ప్రతిపాదించిన 1 నుంచి 9 దాకా ఉన్న తరగతుల పట్టీ వాడుకలో ఉంది. పెద్ద నగరాల నడిబొడ్డు 8, 9 తరగతులకు చెందుతుంది. చంద్రుడికి, గ్రహాలకు, జంట తారలకు నగరం పెద్ద అడ్డంకి కాదు. గెలాక్సీలకు, నీహారికలకు మాత్రం 100 మి.మీ. పరికరంతో నల్లమల అంచుకో హార్సిలీ కొండలకో వెళ్లినవారు, 200 మి.మీ. పరికరంతో నగరంలో ఉండిపోయినవారి కన్నా ఎక్కువ చూస్తారు. దేశంలో ఇందుకోసమే ప్రకటించిన చీకటి ఆకాశ అభయప్రాంతం 2022 నుంచి లదాఖ్‌లోని హాన్లేలో ఉంది.

దక్షిణాది అక్షాంశం ఒక వరం. ఒమేగా సెంటారీ తారాగుచ్ఛం హైదరాబాదు నుంచి ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. న్యూజెర్సీలోని తెలుగువారికి అది దిగంతం దాటి రెండు డిగ్రీలు కూడా సరిగా లేవదు. మెల్‌బోర్న్‌లో స్థిరపడినవారికి అది తలపైన వెలుగుతుంది గానీ ధ్రువ నక్షత్రం కనబడదు, ధ్రువాక్ష మౌంటును దక్షిణ ధ్రువానికి గురిపెట్టాలి.

ఎంపిక

నిర్ణయించేవి నాలుగు: ఎక్కడి నుంచి చూస్తారు, ఏం చూడాలని ఉంది, ఎంత బరువు ఎత్తగలరు, ఎంత ఖర్చు పెట్టగలరు. వీటిలో బరువును అందరూ చిన్నచూపు చూస్తారు. మూడో అంతస్తు నుంచి 25 కిలోల పరికరాన్ని దించాల్సి వస్తే అది రెండో నెలకు మూలన పడుతుంది. మేడ అందుబాటులో ఉన్న కుటుంబానికి 150 మి.మీ. డాబ్సన్ ఉత్తమ ఎంపిక. సొంత వాహనం, చీకటి ఊరు ఉన్నవారు 200 మి.మీ. దాకా వెళ్లవచ్చు. బాల్కనీ నుంచి చంద్రుడిని, గ్రహాలను మాత్రమే చూసేవారికి 90–127 మి.మీ. మక్సుతోవ్ లేదా 80–90 మి.మీ. కటక దూరదర్శిని నప్పుతుంది. అంత ఖర్చు పెట్టలేకపోతే చౌక దూరదర్శిని కన్నా మంచి 10×50 బైనాక్యులరు మేలు. ఫొటోగ్రఫీ కోసమే మొదలుపెట్టేవారు ముందు మౌంటుకు డబ్బు కేటాయించాలి.

అంచనాలు కూడా సరిగా ఉండాలి. పత్రికల్లో కనిపించే రంగుల నీహారికలు గంటల ఎక్స్‌పోజరు ఫలితం. మృగశిరలోని మహానీహారిక ఐపీసులో బూడిదరంగు రెక్కలా, పెద్ద దర్పణంలో లేతాకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చగా ఉంటుంది. శని వలయాలు, బృహస్పతి పట్టీలు, చంద్రుడి బిలాల నీడలు మాత్రం ఎవరినీ నిరాశపరచవు. 2025లో అంచుమీదికి వచ్చి సన్నగా కనిపించిన శని వలయాలు 2032 దాకా ఏటా విచ్చుకుంటూ ఉంటాయి.

సంరక్షణ

కోస్తా తేమలో కటకాలకు బూజు పడుతుంది. సిలికాజెల్ సంచులతో మూసిన పెట్టెలో ఉంచాలి, సంచులను ఎప్పటికప్పుడు వేడిచేసి ఆరబెట్టాలి. ఇంటి లోపలి నుంచి తెచ్చిన దర్పణం బయటి ఉష్ణోగ్రతకు చేరడానికి అరగంట నుంచి గంట దాకా పట్టవచ్చు. మంచు పడ్డ గాజును తుడవకూడదు, ఆరనివ్వాలి. దర్పణం మీద కొద్దిపాటి దుమ్ము ప్రతిబింబాన్ని చెడగొట్టదు, గుడ్డతో రుద్దిన గీతలు చెడగొడతాయి.

పరిశీలకుల కృషి

ఔత్సాహికుల కొలతలకు శాస్త్రంలో ఇప్పటికీ చోటుంది. 1911లో ఏర్పడిన అమెరికన్ చరతారల పరిశీలకుల సంఘం ఏ దేశం నుంచి ఎవరు పంపినా ప్రకాశపు అంచనాలను స్వీకరిస్తుంది. ఇందుకు కెమెరా అవసరం లేదు. చుట్టూ ఉన్న తారలతో పోల్చి చరతార ప్రకాశాన్ని కంటితో అంచనా వేసి, సమయంతో సహా రాసుకోవాలి. మొదటి లక్ష్యంగా తిమింగల రాశిలోని మీరా తగినది. 1596లో డేవిడ్ ఫాబ్రిషియస్ గుర్తించిన ఈ తార సుమారు 332 రోజుల చక్రంలో కంటికి తెలిసే మూడో ప్రకాశ పరిమాణం నుంచి తొమ్మిదో పరిమాణానికి పడిపోయి తిరిగి లేస్తుంది. సూర్యుడి వెలుగులో కలిసిపోయే కొన్ని వారాలు తప్ప, ఆ పతనమంతటినీ మేడ మీది 150 మి.మీ. దర్పణంతో చూసి నమోదు చేయవచ్చు.